మేకుకు రాని బిళ్ల

పొద్దు గూకింది, మేకు ఇంకా ఖాళీగానే ఉంది. సువార్తమ్మ సిస్టర్‌కు గుండెల్లో రాయి పడింది.

సెంటినరీ కాలనీ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె నర్సు. నర్సంటే తలనొప్పికి గోలీ ఇచ్చే మనిషని అక్కడ అందరి లెక్క. కడుపునొప్పంటూ పదేపదే వచ్చే రుత్విక్‌ను మాత్రం ఆమె గోలీతో పంపెయ్యలేదు. తలుపు దగ్గరకు వేసి, చచ్చిపోవాలనిపిస్తోందా అని ముఖం మీదే అడిగింది. పిల్లాడు భోరుమన్నాడు. అమ్మానాన్నలను పిలిపించింది, గోదావరిఖనిలో మానసిక డాక్టరు దగ్గరికి తానే వెంట వెళ్లింది. ఆ తర్వాత తన తండ్రి సామ్యేల్ దాచుకున్న ఇత్తడి బిళ్లను వాడి చేతిలో పెట్టింది.

సామ్యేల్ బొగ్గుబావి మీద బిళ్లల లెక్క చూసేవాడు. దిగేవాళ్లు బిళ్ల తీసుకుని దిగాలి, పైకొచ్చాక తెచ్చి మేకుకు తగిలించాలి. ఒక్క బిళ్ల రాకపోయినా ఆయన ఇల్లు చేరేవాడు కాదు. ఆ సంగతంతా చెప్పి రుత్విక్‌తో అంది: "పొద్దుగాల తీస్కపో, పొద్దుమీకి తెచ్చి నా గదిల ఈ మేకుకు తగిలియ్యి. నువ్వు వచ్చేదాక నేను ఇంటికి పోను."

ఇవాళ రిజల్ట్స్ వచ్చాయి. రుత్విక్ మళ్లీ తప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. క్యాంటీన్‌లో ఉంటడు తియ్యి, గింతదానికి ఫికరెందుకన్నాడు హాస్టల్ వార్డెన్ భూపాల్, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. సువార్తమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. గద్దించి అతన్ని మేడ మీదికి వెతకడానికి తరిమింది. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడికీ రాలేదన్నారు, వాళ్ల నాన్న బండి తీశాడు. ఆమె గదికి తాళం వేసి పరుగెత్తింది. బస్టాపు చూసింది, జిరాక్సు షాపు చూసింది, గ్రౌండంతా తిరిగింది. చెప్పు తెగితే చేత పట్టుకుని నడిచింది. ప్రభువా, ఆ పిల్లగాణ్ణి కాపాడు అనుకుంటూనే, రిజల్ట్స్ అని తెలిసీ పొద్దున్నే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోనందుకు తనను తాను తిట్టుకుంది.

ఎక్కడా లేడు. కాళ్లీడ్చుకుంటూ వెనక్కి వస్తే, తాళం వేసిన గది ముందు మెట్టు మీద గుప్పిట బిగించుకుని కూర్చున్నాడు రుత్విక్. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి ఆమెకు. వాడి పక్కనే కూలబడింది.

"పోదామనే పోయిన సిస్టర్," అన్నాడు తలెత్తకుండా. "బిళ్ల జేబులనే ఉండె. ఇది ఇయ్యకపోతే మీరు ఇంటికి పోరు గదా."

ఆమె వాడి మణికట్టు పట్టుకుంది, వదల్లేదు. రెండో చేత్తో వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, పిల్లాడు తన దగ్గరే ఉన్నాడని, ముగ్గురం కలిసి ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదామని చెప్పింది.

రుత్విక్ గుప్పిట విప్పి బిళ్ల చాపాడు. చెమటకు తడిసిపోయి ఉంది. ఆమె వాడి వేళ్లు మళ్లీ మూసింది.

"నీ తానే ఉంచు. రేపు పొద్దుమీకి తేవాలె గదా."