ఒకడిని మీరే ఎంచండి

ఆ గురువారం సంతలో ఠాణా పెద్ద అజుదాన్ సెర్గీనీ చెయ్యి లయాషీ జెల్లాబా అంగీ వెనక వేలాడే టోపీలోకి పోయింది. ఇంకెవరి టోపీలోకీ పోలేదు.

టోపీలకు కరువై కాదు. టీకొట్టు బెంచీల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ప్రతివాడి చేతిలోనూ పొడుగాటి గొట్టం, గొట్టం కొసన మట్టి చిలుం, చిలుంలో గంజాయి. ఆ కొట్లో పొగ ఎంత చిక్కగా ఉండేదంటే, ఆ మధ్య దారితప్పి లోపలికొచ్చిన కోడిపెట్ట ఒకటి బయటికి దారి దొరక్క అక్కడే ఉండిపోయింది. దారి దొరికాక పోబుద్ధి కాక గుడ్లు కూడా అక్కడే పెట్టింది. ఆ పొగ మధ్యలోనే కూర్చుని అజుదాన్ పుదీనా టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని లేచాడు. చిలుం పీలుస్తున్న నలుగురిని తప్పుకోమని సైగ చేసి, వాళ్ల మధ్య నుంచి వెళ్లి లయాషీ మెడ వెనక చెయ్యి పెట్టాడు. టోపీలోంచి మేకతోలు తిత్తి బయటికి తీశాడు.

"ఇదేంటి?"

"మీ పక్కనాయన చిలుంలో ఉన్నదే, అజుదాన్" అన్నాడు లయాషీ.

"పక్కనాయన సంగతి నేనడగలా."

లయాషీ భార్య యమ్నా బయట గాడిద పగ్గం పట్టుకుని నిలబడి ఇదంతా చూసింది. మొగుడి రెక్కలు విరిచి తీసుకుపోతుంటే పగ్గం వదిలేసి వెనక పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే కొండల్లో పెద్ద ఆసామి హాజ్ తూహామీ లారీ వచ్చింది. దాని మీద తాడు తెగేంత ఎత్తున గంజాయి కట్టలు, పైన పేరుకి ఒక పట్టా. జవాను రోడ్డు మీది అడ్డకర్ర పైకెత్తాడు. ఎత్తి ఊరుకోలేదు, సలాం కొట్టాడు. లారీ పోయాక కర్ర దించాడు. యమ్నా మోకాళ్లకు తగిలింది కర్ర.

గంజాయి దగ్గరుంటే నేరమని చట్టం. ఐన్ జర్ఖా కొండల్లో ఆ నేరం చేయనివాడు ఇంకా పుట్టలేదు. ఆ రాతినేలకు గోధుమ ఎక్కదు, ద్రాక్ష ఎక్కదు, గంజాయి ఒక్కటే ఎక్కుతుంది. అందరూ నేరస్థులే అయిన చోట ఎవణ్ణి పట్టుకోవాలో, ఎవణ్ణి వదలాలో పోలీసు ఇష్టం. ఆ ఇష్టమే అక్కడ అసలు చట్టం.

లయాషీ మీదికే ఆ ఇష్టం ఎందుకు మళ్లిందో సంతలో గాడిదలకు కూడా తెలుసు. హాజ్ తూహామీ కొత్త గంజాయి విత్తనం తెచ్చాడు. పాత విత్తనం మంచు తాగి బతికేది. ఈ కొత్తది ఒంటె తాగినట్టు తాగుతుంది. అందుకని ఊటబావి నుంచి తన చేలదాకా నల్లగొట్టం వేయించుకుంటూ వచ్చి లయాషీ పొలం చెక్క దగ్గర ఆగాడు. లయాషీ దాటనివ్వలేదు. అది దాటితే కింద ఊరందరి చెక్కలూ ఎండిపోతాయి.

లయాషీకి రొమ్ము బాగాలేదు. పోయిన చలికాలం దగ్గితే గుడ్డ ఎర్రబడింది. శనివారం పోయే ఖైదీల బండిలో పట్నం జైలుకి పంపిస్తే ఆ సిమెంటు నేల మీద ఒక్క చలికాలం కూడా గడవదు. యమ్నాకు తెలుసు. అజుదాన్‌కీ తెలుసు.

శుక్రవారం పొద్దున ఊరి పెద్ద బా ఫద్దల్ తన పొట్టేలుని తోలుకుని ఠాణాకు బయల్దేరాడు. స్పెయిన్ దొరలు వెళ్లిపోవడం ఆ పొట్టేలు కళ్లారా చూసిందని ఊళ్లో అనేవాళ్లు. దాన్ని ఠాణా గడప మీద కోసి, నెత్తి మీది తలపాగా విప్పి ఆ రక్తం పక్కన పెట్టాడు. దాన్ని ఆర్ వేయడం అంటారు. ఆర్ వేయించుకున్నవాడు అడిగింది కాదనకూడదు. కాదంటే ఆ ఇంట్లో ఏదీ అచ్చిరాదని భయం. సుల్తానులు కూడా దానికి తల వంచారు.

అజుదాన్ రక్తాన్ని జాగ్రత్తగా దాటి బయటికొచ్చాడు. ముందు పొట్టేలుని మెచ్చుకున్నాడు. తలపాగా తీసి దులిపి పెద్దాయన చేతిలో పెట్టాడు.

"బా ఫద్దల్, నేనూ తల్లికి పుట్టినవాణ్ణే. ఆర్ వేశావు, కాదనను. లయాషీని వదుల్తా."

యమ్నా అక్కడే కూలబడి నేలకు ముద్దు పెట్టింది.

"కాకపోతే, ఐన్ జర్ఖాలో ఒకణ్ణి పట్టుకున్నానని పైవాళ్లకి చెప్పేశా. పేరు ఇంకా చెప్పలా. వీణ్ణి వదిలితే నాకింకొకడు కావాలి. నేను ఎంచితే పగంటారు. అందుకని ఒకడిని మీరే ఎంచండి. రేపు బండి వేళకి తీసుకురండి." నవ్వి, జవాన్ని పిలిచాడు. "ఆ పొట్టేలుని లోపలికి తీసుకుపో, ఎండకి పాడైపోతుంది."

ఆ మధ్యాహ్నం నమాజు అయ్యాక మసీదు వాకిట్లో ఊరు కూడింది. ఆడవాళ్లు గోడవతల నిలబడ్డారు. యమ్నా మాత్రం గుమ్మంలోకే వచ్చి కూర్చుంది. ఎవరూ లేవమనలేదు.

పక్కవాడు తనవైపు చూస్తాడేమోనని అందరూ చెప్పుల వైపే చూస్తున్నారు. చివరికి బూషయిబ్ గొంతు సవరించుకున్నాడు. ఊటకు దగ్గర్లో మంచి చెక్కలున్న మనిషి.

"పిల్లలు గలవాళ్లం. ముసలీ ముతకా ఉన్నారు. ఎవరూ లేనివాడైతే..."

పేరు చెప్పలేదు. అక్కర్లేదు. అందరి కళ్లూ గోడ పక్కకు తిరిగాయి. అక్కడ అజ్జూజ్ గొంతుకూర్చున్నాడు. అవతలి కొండ నుంచి కూలికొచ్చి ఏళ్లయింది. ఇల్లు లేదు, చెక్క లేదు, పెళ్లి లేదు. అందరి చేలూ కోస్తాడు, అందరి గాదెల్లోనూ పడుకుంటాడు.

"చూడండి, చూడండి" అన్నాడు అజ్జూజ్. "ఇన్నేళ్లకి ఈ ఊరు నావంక చూసింది. తల దువ్వుకుని రావాల్సింది."

"నవ్వులాట కాదురా" అన్నాడు బూషయిబ్.

"నవ్వులాట కాదనే తెలుస్తోంది బాబాయ్. పిల్లనివ్వమంటే ఎవడివిరా నువ్వన్నారు. జైలుకి కావాల్సొస్తే మనవాడే అంటున్నారు."

గోడవతల నుంచి రహ్మా గొంతు వినబడింది. మొగుడు పోయిన మనిషి, నోరు పెద్దది. "పాత అజుదాన్ ఉన్నప్పుడు ఇట్టా ఉండేదా? మంచోడు. పట్టుకున్నా వదిలేసేవాడు. ఒక పుంజో, కాస్త తేనో."

"మంచోడే" అన్నాడు అజ్జూజ్. "బా ఫద్దల్ గంజాయి మూట నేను మోసుకెళ్తుంటే ఇద్దర్నీ పట్టుకున్నాడు. మూట పెద్దాయనది, మోత నాది. ఈయన పుంజునిచ్చాడు, ఇంటికొచ్చాడు. నాకు పుంజు లేదు. రంజాను దాకా ఆ అజుదాన్ వాకిలి ఊడ్చా."

బా ఫద్దల్ తలపాగా సర్దుకున్నాడు. అది సరిగ్గానే ఉంది. "నిజమే" అన్నాడు చివరికి. "ఆయన వదిలినప్పుడు చెయ్యి ముద్దు పెట్టుకున్నా. వదిలే చెయ్యే పట్టుకుంటుందని అప్పుడు తోచలా. మనమే అలవాటు చేశాం. చట్టం ఏంటని అడగలా, సారు మనసెట్టా ఉందని అడిగాం."

"అవన్నీ తర్వాత పెద్దాయనా" అన్నాడు బూషయిబ్. "రేపటి మాట చెప్పు."

"రేపు మనిషినిస్తే ఎల్లుండి నీళ్లడుగుతాడు" అంది రహ్మా. "ఇవ్వడం మరిగాక ఏదడిగినా ఇస్తాం."

అరుపులు లేచాయి. ఇద్దరు కొట్టుకోబోతే నలుగురు విడదీశారు. విడదీసినవాళ్లు మళ్లీ కొట్టుకోబోయారు. ఆ గోలలో అజ్జూజ్ లేచి పైజామా దులుపుకున్నాడు.

"నేనే పోతాలే. జైల్లో రొట్టె పెడతారంట. లయాషీ నన్నెప్పుడూ ఒరేయ్ అని పిలవలా." గుమ్మం వైపు తిరిగాడు. "ఏమంటావు వదినా?"

యమ్నా ఏమనాలి? వద్దనాలని తెలుసు. కాని కళ్ల ముందు ఎర్రబడ్డ గుడ్డ ఉంది.

"పోనీ" అంది.

అంతే. ఆ ఒక్క మాటతో సభ ముగిసింది. ఎవరి మొహమూ చూడకుండా ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

శనివారం తెల్లారాక అజ్జూజ్ కిందికి బయల్దేరితే ఊరు ఊరంతా వెనకాల నడిచింది. రమ్మని ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చోలేక వచ్చారు. పసివాళ్లున్న ఆడవాళ్లు మాత్రం పైన మిగిలారు.

"పెళ్లికొడుకుని తీసుకెళ్తున్నట్టుంది. డప్పు మరిచిపోయారు" అన్నాడు అజ్జూజ్. ఎవరూ నవ్వలేదు.

ఠాణా వాకిట్లో బండి సిద్ధంగా ఉంది. ఊచల కిటికీ వెనక లయాషీ దగ్గు వినబడుతోంది. ఆగి, మళ్లీ అందుకుంటోంది. అజుదాన్ గుంపుని చూసి భుజాలు ఎగరేశాడు.

"ఒకణ్ణి తెమ్మంటే తిరునాళ్లకొచ్చినట్టొచ్చారు. ఏడీ వాడు? జేబులు చూపించు."

అజ్జూజ్ జేబుల్లోంచి బార్లీ రొట్టె, నాలుగు ఎండు అత్తిపళ్లు బయటపడ్డాయి.

"గంజాయేది?"

"నాకలవాటు లేదండీ. పొగ పడదు."

గుంపులో ఎవడికో నవ్వాగలేదు. నిజమే. ఆ కొండల్లో గంజాయి ముట్టనివాడు అజ్జూజ్ ఒక్కడే. చట్టం ముందు మచ్చలేని ఒకే ఒక్క మనిషిని ఏరికోరి జైలుకి తెచ్చారు.

అజుదాన్ నవ్వలేదు. లోపలికెళ్లి లయాషీ తిత్తి తెచ్చి యమ్నా చేతిలో పెట్టాడు. "నీ మొగుడిదేగా. వీడి జేబులో వెయ్యి. నేను అటు తిరుగుతా, నాకేం తెలియదు. ఇటు తిరిగేసరికి అది అక్కడ ఉండాలి, నీ మొగుడు ఇక్కడ ఉంటాడు."

చెప్పినట్టే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు వెనక కట్టుకున్నాడు.

అజ్జూజ్ రెండు వేళ్లతో తన జేబు తెరిచి పట్టుకున్నాడు, ఆమెకు సులువుగా ఉండాలని. "కానివ్వు వదినా. చెయ్యి లాగేస్తోంది" అన్నాడు మెల్లగా.

నిన్న అన్నది నోటిమాట. గాలిలో పోయింది. ఇవాళ అజుదాన్‌కి చెయ్యి కావాలి, యమ్నా చెయ్యి. లోపల లయాషీ దగ్గు అందుకుంది. యమ్నా ఆ దగ్గు ఆగేదాకా విన్నది. తర్వాత తిత్తి మూతి విప్పి, చిటికెడు తీసి తన తలగుడ్డ ముడిలో కట్టుకుంది. తిత్తిని రహ్మాకి అందించింది.

రహ్మా ఒక్క క్షణం చూసి, చిటికెడు తీసి రవికెలో దోపుకుంది. బా ఫద్దల్ తలపాగా మడతలో పెట్టుకున్నాడు. తిత్తి చేతులు మారుతూ పోయింది. గుప్పెడు గంజాయి అంతమందికి సరిపోతుందా అంటే, కడపటివాళ్లకు తిత్తి దులిపితే రాలిన దుమ్మే దక్కింది. ఆ దుమ్మునే అరచేతిలో భద్రంగా పట్టుకున్నారు. తిత్తి తమ దగ్గరికొచ్చేలోపు ఒకరిద్దరు వెనక్కి జారుకున్నారు. బూషయిబ్ అందులో ఒకడు. అదీ చెప్పాలి.

అజుదాన్ ఇటు తిరిగాడు. అజ్జూజ్ ఖాళీ తిత్తిని తిరగేసి చూపించాడు.

"ఏమైంది?"

"పంచుకున్నాం" అన్నాడు బా ఫద్దల్. "తలో కాస్త. నీళ్లయినా మేం అట్లాగే పంచుకుంటాం." తలపాగా తీసి చూపించాడు. ఒక్కొక్కరే అరచేతులు విప్పారు.

అజుదాన్ ఆ చేతులన్నింటినీ చూశాడు, బండిని చూశాడు. బండిలో పట్టేది ఎనమండుగురు. "నేనేమీ చూడలేదు. ఇళ్లకు పొండి."

"చూశారు" అంది యమ్నా. "నేరమైతే మా అందరిదీ నేరమే, తీసుకుపోండి. కాదంటే లోపలున్న ఆయనదీ కాదు, వదలండి. ఒకణ్ణి ఎంచడం మాత్రం ఇంక మా చేత కాదు. మిమ్మల్నీ ఎంచనివ్వం."

"ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"చట్టంతో మాట్లాడదామనే వచ్చాం. ఉంటే పిలవండి."

అప్పుడు లాఠీలు లేచాయి. తలపాగా లేని బా ఫద్దల్ తల మీద మొదటిది పడింది. కొట్టలేక ఒక కుర్ర జవాను కర్ర దించేస్తే, అజుదాన్ వాడికీ ఒకటి తగిలించాడు. జనం పారిపోలేదు. అరచేతులు మూసుకోకుండా అక్కడే కూర్చున్నారు. చేతికందినవాళ్లను బండిలోకి తోశారు. యమ్నా, అజ్జూజ్, రహ్మా, నెత్తురోడుతున్న పెద్దాయన. చివర లయాషీని మోసుకొచ్చి వాళ్ల మీద పడేశారు. మిగిలినవాళ్లు చక్రాల ముందు పడుకుంటే ఈడ్చి పక్కకు తోశారు. బండి కదిలాక వాళ్లు లేచి ఠాణా గుమ్మం ముందు వరసకట్టారు. మమ్మల్నీ తీసుకుపొండని తలుపు కొట్టడం బండిలోకి వినబడింది.

లయాషీ తల యమ్నా ఒళ్లో ఉంది.

"అజ్జూజ్‌ని పంపుంటే ఇంటికొచ్చేవాణ్ణి" అన్నాడు ఊపిరి మధ్యలో.

"ఆఁ."

బండి రెండు మలుపులు తిరిగింది. "వాడికి పొగ పడదే" అన్నాడు తర్వాత. "బండిలో ఎవర్నీ చిలుం తాగనివ్వకండి." దగ్గాడు. యమ్నా కొంగు తడిసింది. ఏ రంగో చూడదల్చుకోక మడిచేసింది. ఈ మనిషి చలికాలం దాటడు. ఆ సంగతి ఠాణా వాకిట్లో తిత్తి విప్పినప్పుడే ఆమెకు తెలుసు.

పట్నం దారి ఊటబావి పక్కనుంచే పోతుంది. బండి ఎన్ని మలుపులు తిరగాలో అన్నీ తిరిగి పైకొచ్చింది. కేకకు మలుపులుండవు. ఠాణా వాకిట్లో లేచిన కేక ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి పై గట్టుకు దూకి ఎప్పుడో చేరిపోయింది. ఊట దగ్గర పైన మిగిలిన ఆడవాళ్లు బారులు తీరి హాజ్ తూహామీ నల్లగొట్టాన్ని నేలలోంచి పెరుకుతున్నారు. పసివాళ్లను వీపులకు కట్టుకున్నారు. అడ్డదారిన పరిగెత్తుకొచ్చిన మగాడొకడు గొడ్డలితో నరుకుతున్నాడు. బూషయిబ్‌లాగే ఉన్నాడు, యమ్నా కళ్లు సరిగా ఆనలేదు.

డ్రైవరు బండి ఆపాడు. "అజుదాన్, అటు చూడండి."

ముందు సీట్లో అజుదాన్ చూశాడు. ఊచల్లోంచి యమ్నా అతని మెడ వెనక చెమటను చూస్తూనే ఉంది. బయట ఆడవాళ్లు పని ఆపలేదు. ఒకామె మాత్రం పార ఎత్తి పట్టుకుని, రోడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకొకామె.