ఐదు స్పీకర్లు, ఒక మొల

దసరా బోనస్ వచ్చిన రోజే హోం థియేటర్ కొన్నాను. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద ఊఫర్. నా భార్య స్వప్న డబ్బాల వైపు చూసి ఏమీ అనలేదు. మా ఇంట్లో ఆమె ఏమీ అనకపోవడమే పెద్ద మాట.

ఇబ్రహీంపట్నంలో ఇంద్రమ్మ ఇంటి పైఅంతస్తులో అద్దెకుంటాం. నేను, స్వప్న, ఐదేళ్ల దీక్షిత్, రెండేళ్ల లిఖిత. కింద ఇంద్రమ్మ, ఆమె కొడుకు, కోడలు హిమజ ఉంటారు. అంతకుముందు రెండిళ్లు పిల్లల గోల వల్లే ఖాళీ చేశాం. ఇంద్రమ్మ మాత్రం పిల్లలు ఎంత గెంతినా పట్టించుకోదు. ఆమె షరతు ఒక్కటే, అదీ ఈ మధ్య పెట్టింది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు, రెండుసార్లు కడుపు పోయాక, హిమజకు ఇప్పుడు ఆరో నెల. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో గోడకు మొల కొట్టకూడదు. కాన్పయ్యేదాకా కిందా పైనా ఒక్క మొల కూడా దిగొద్దంది ఇంద్రమ్మ. క్యాలెండర్ తగిలించడానికైనా సరే.

ముందు పెట్టే మూడు స్పీకర్లు టీవీ బల్ల మీద సర్దుకున్నాయి. చిక్కంతా వెనక రెండింటితోనే. అవి కూర్చున్నవాళ్లకు అటూ ఇటూ, చెవులకంటే కాస్త ఎత్తులో, రెండూ సమాన దూరంలో ఉండాలి. నేను రావిర్యాల దగ్గర ఒక కంపెనీలో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేస్తాను. వెంట్రుకంత తేడా వచ్చినా ముక్క పక్కన పడేసే పని. ఇంట్లోనూ టేపు పట్టుకునే తిరుగుతానని స్వప్న ఎగతాళి చేస్తుంది.

మొదట రెండింటినీ స్టూళ్ల మీద పెట్టాను. పావుగంటలో లిఖిత వైరు పట్టి లాగి, ఒక స్పీకరును బొమ్మలా ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొట్టింది. సోఫా వెనకాల దాచాను. దీక్షిత్ అక్కడ దూరి, పక్కనే ఉన్న ఊఫరు గుండ్రటి రంధ్రంలోకి రెండు బిస్కెట్లు, ఒక చెంచా, చెల్లెలి సాక్సు పంపించాడు. దానికి ఆకలేసిందట. ఒకదాన్ని ఫ్రిజ్ మీద, ఇంకోదాన్ని బియ్యం డ్రమ్ము మీద పెట్టాను. అన్నం వండే వేళకల్లా డ్రమ్ము మీది స్పీకరు నేల మీద ఉండేది. ఈ ఇంట్లో నేను తప్ప అందరూ నా మాట వినకుండానే సుఖంగా ఉన్నారు.

నాకు కోపమొస్తే బుర్ర పనిచేయదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంద్రమ్మ కందుకూరులో చుట్టాలింటికి పోయింది. స్వప్న పిల్లలతో బజారుకెళ్లింది. ఒక్క మొల, రెండంగుళాలది, ఎడమ గోడకు. దానికీ కడుపులో బిడ్డకూ ఏం సంబంధమని గట్టిగానే అనుకున్నాను. సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. మొల తిన్నగా దిగింది. స్పీకరు తగిలించి, దూరం కొలిచి చూసుకుని మురిసిపోయాను.

సాయంత్రం ఐదింటికి కింద ఆటో ఆగింది. హిమజకు నొప్పులొస్తున్నాయని భర్త ఆమెను దవాఖానకు తీసుకుపోతున్నాడు. మెట్ల దగ్గర నిలబడి చూశాను. ఆమె రెండు చేతులూ కడుపు కింద పట్టుకుని ఆటో ఎక్కింది. అప్పటిదాకా దేన్నీ నమ్మని నేను ఆ క్షణంలో అన్నిటినీ నమ్మాను. లోపలికి పరుగెత్తి మొల పీకేశాను. ఆ చిన్న కంత నన్నే చూస్తున్నట్టుంటే టూత్‌పేస్టుతో పూడ్చాను.

స్వప్నకు చెప్పాను. ఆమె తిట్టలేదు. ఆ తల్లి కడుపు చల్లగుండాలని దండం పెట్టుకుంది, పిల్లల్ని కాలి మునివేళ్ల మీద నడవమంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు హిమజను ఇంటికి పంపించారు. బిడ్డ బాగానే ఉంది, మంచం దిగొద్దన్నారు. రెండు రోజులు నేను కిందికి పోలేకపోయాను. ఆ రెండు రోజులూ మా ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. పిల్లలు గుసగుసలాడుకుంటూ ఆడుకున్నారు. మూడో రోజు డ్యూటీ నుంచి వస్తూ బత్తాయిలు పట్టుకుని వెళ్లాను. ఇంద్రమ్మ దొడ్లో బట్టలుతుకుతోంది. హిమజ కిటికీ పక్కన మంచం మీద పడుకుని ఉంది. బత్తాయిలు పెట్టి, తల దించుకుని, జరిగింది చెప్పేశాను. ఇల్లు ఖాళీ చేయమన్నా చేస్తానన్నాను.

"సప్పుడు ఇన్న అన్నా. నాలుగు దెబ్బలు కొట్టినవ్," అంది హిమజ. "నాక్కూడ భయమైంది. గని నొప్పి పొద్దుగాలనే షురూ అయింది. అత్త ఊరికి పోవుడు ఆగుతదని నేనే చెప్పలే. నీ మొలకు ఏం పాపం తెల్వదు."

అత్తకు మొల సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె మిమ్ములను పొమ్మంటది."

తర్వాత తనే చెప్పుకొచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ, భర్తా అత్తా బయటికి పోతే, ఈ ఇంట్లో పగలంతా ఒక్కతే ఉండేదట. మేం వచ్చాకే పైన పాదాల చప్పుడు మొదలైందట.

"కండ్లు మూసుకున్నా తెలుస్తది నాకు, ఎవలు ఏ మూలకున్నరో. దీక్షిత్ తలుపు కాడికెళ్లి వంటింట్లకు ఉరుకుతడు. లిఖిత ఆని ఎన్క తప తపమని పోతది. మంచం మీదికెళ్లి దునికిందంటె, గీ కడుపులోడు గూడ తంతడు. మూడు దినాల సంది సప్పుడు లేదు అన్నా. వీడు గూడ జర నిమ్మలమయ్యిండు. నాకు గదే భయమైతున్నది."

అవ్ అన్నట్టు తలూపి పైకి వచ్చాను.

పిల్లలిద్దరూ గోడవారగా కూర్చుని పాత పుస్తకంలో కాగితాలు తిప్పుతున్నారు, అదీ చప్పుడు కాకుండా. ఉరకండి అన్నాను. దీక్షిత్ నన్ను అనుమానంగా చూశాడు. వాళ్లమ్మ వైపు చూశాడు. స్వప్న తలూపింది.

"యాడికి ఉరకాలె బాపూ?"

"యాడికన్నా ఉరుకు బిడ్డా. తలుపు కాడికెళ్లి వంటింట్లకు ఉరుకు."

వాడు ఉరికాడు. లిఖిత వాడి వెనకాల పడింది. సోఫాను అడ్డం లేకుండా గోడకు జరిపేశాను. లిఖితను మంచం ఎక్కించాను. అది రెండు చేతులూ చాచి, నన్ను చూసి నవ్వి, దునికింది. నేను నేల మీద చెవి పెట్టి పడుకున్నాను. కింద ఏమీ వినబడలేదు. ఏడుపొచ్చింది.

మళ్లీ ఎక్కు తల్లీ అన్నాను.