ఫోను ఒప్పుకుంటే

కంటికి కనిపించని సిమ్ము, చేతికి అందని సిమ్ము, అయినా ఫోనులో ఉండనే ఉంటుందట, గోరంత ముక్కయినా లేకుండా నంబరు దేన్ని పట్టుకుని నిలుస్తుంది, అని నీలవేణి అనుకుంటూ ఉండగానే బండి కోటబొమ్మాళి విడిచింది, ఊడ్పులు పూర్తయిన మళ్ళు కిటికీలో వెనక్కి జరిగాయి, కాళ్ళ దగ్గర ఎండు నెత్తళ్ళ గంప, ఆ వాసనకు ముక్కు మూసుకుని అవతలి బల్లకు మారిపోయిన ఒక ఉద్యోగి, ఒడిలో ఫోను, పక్కన డిగ్రీ మూడో ఏడు చదువుతున్న కూతురు తులసి, నొక్కీయమ్మా, స్టారు, హాషు, సున్నా, ఆరు, హాషు, అంతే, ఈఐడీ అని ఒక వరస వస్తే మన ఫోను ఈ-సిమ్ము పడతాది, రాకపోతే పట్టదు, దీనికింత గాబరా ఏటి, అంటోంది, నొక్కుతానుండవే, ఉర్లాం దాటనీ, అంది నీలవేణి, ఉర్లాం దాటితే ఏమవుతుందో ఆమెకూ తెలియదు.

ఆమదాలవలసలో దిగి, మత్స్యకార మహిళల సంఘం ఆఫీసులో శైలజ మేడానికి జవాబు చెప్పాలి, ఇవాళ్టితో గడువు, చేపలెండబెట్టే ఆరుగురు ఆడవాళ్ళను పది రోజులు వియత్నాం తీసుకువెళతారు, ఇసుక మీద కాక కప్పు కింద, వల తెరల మీద చేపను ఎలా ఆరబెడతారో చూపిస్తారు, పేర్లలో మొదటిది నీలవేణిదే, కాని ఆమె ఒక షరతు పెట్టింది, నా నంబరు నా ఫోనులోనే బతికుండాలి మేడం, అలాగైతేనే వస్తాను, లేకపోతే ఇంకెవరినైనా రాసుకోండి, మేడం విసుక్కోలేదు, నీ ఫోనులో రెండో అర ఉప్పుగాలికి చెడిపోయింది కదమ్మా, ఉన్న ఒక్క అరలో అక్కడి సిమ్ము వేస్తే నీది తీసెయ్యాలి, ఈ-సిమ్ము పట్టే ఫోనయితే ఆ బాధ లేదు, నీ సిమ్ము నీ దగ్గరే, రోమింగు మేం వేయిస్తాం, నీకొచ్చే కాల్సు దానికే వస్తాయి, నెట్టు మాత్రం కొత్తదాన్లో, ముందు నీ ఫోను ఒప్పుకుంటుందో లేదో చూసుకో, అంది, ఫోను ఒప్పుకోవడమేమిటి, మనిషి తేల్చుకోవలసినదాన్ని వస్తువు చేతిలో పెట్టడం ఎంత సుఖం, వారం రోజులుగా ఆ సుఖంలోనే ఆమె ఉంది, అయిదు అక్షరాలు నొక్కకుండా.

ఓలే నీలవేణీ, అని ఎదురు బల్ల మీంచి నారాయణమ్మ అందుకుంది, ఆమెదీ నీలవేణి పేటే, అదే ఎండు చేపల బేరం, ఇమానంలో కూడా గంప నెత్తినెట్టుకునే ఎక్కుతావేటే, ఎక్కితే మంచిదేలే, ఈడిలాగే అందరూ ముక్కు మూసుకుని లేసిపోతారు, బల్లంతా నీదే, కాళ్ళు సాపుకుని తొంగోవచ్చు, బండిలో సగంమంది నవ్వారు, ముక్కు మూసుకున్న ఉద్యోగి కూడా నవ్వి, నవ్వడానికి చెయ్యి తీసి, మళ్ళీ మూసుకున్నాడు, నీలవేణి నవ్వింది, నోటితోనే, అప్పా నువ్వెళ్ళు నాకు బదులు, అంటే, నానెళ్తే ఆ దేశంలో సేపలు నా నోటికి జడిసి నీటిలోంచి బయటికే రావే, అంది నారాయణమ్మ, తులసి మాత్రం నవ్వలేదు, నెమ్మదిగా, పోనీ ఆ సిమ్ము నాకిచ్చీ అమ్మా, పది రోజులూ నా ఫోనులో ఏసుకుంటాను, ఎవులు సేసినా నానెత్తుతాను, అంది, ఎంత సులువు, ఎంత న్యాయం, అయినా నీలవేణి చెయ్యి ఫోను మీద బిగుసుకుంది, ఇవ్వనే, ఇవ్వను, ఆ నంబరుకు చేసిన మనిషి మొదట వినే గొంతు నాదే అయ్యుండాలి.

ఆ మనిషి ఎర్రన్న, బడి గుమ్మం ఎక్కనివాడు, పేరు రాయడం రానివాడు, జీవితంలో రాయడం నేర్చుకున్నది పది అంకెలే, భార్య నంబరు, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఎర్రరంగుతో, వల తేలడానికి కట్టే బెండ్లన్నిటి మీదా ఆ పదీ వేసేవాడు, ఏడును ఎప్పుడూ తిరగేసే వేసేవాడు, వల తెగి కొట్టుకుపోయి ఏ ఊరి ఒడ్డుకు చేరినా అక్కడివాళ్ళు బెండు మీది నంబరు చూసి కబురు చేస్తారు, ఎవరూ రాయని కట్టుబాటు అది, నీటి మీద బతికేవాళ్ళ మర్యాద, ఆరేళ్ళ కిందట ఫైబరు బోటు తిరగబడినప్పుడు ముగ్గురిలో ఇద్దరి శవాలు ఒడ్డుకు వచ్చాయి, ఎర్రన్న రాలేదు, నాలుగు నెలలకు ఒడిశా వైపు నుంచి ఒక ఫోను, అవతలి మనిషి మాటలు ఒక్కటీ అర్థం కాలేదు, అంకెలు మాత్రం ఒక్కొక్కటే చదివాడు, ఏడు దగ్గర తడబడ్డాడు, వెళ్తే పదకొండు బెండ్లు, బారెడు వల, అంతే, పెద్దలు దర్భతో మనిషిని చేసి దహనం కానిద్దామన్నారు, శవం లేకపోయినా కర్మ ఆగకూడదన్నారు, ఆమె ఒప్పుకోలేదు, ఆయన నోటికొచ్చిన నంబరు లోకంలో ఇదొక్కటే, ఏ రేవులో ఉన్నా, ఏ మతిలో ఉన్నా, దీనికే సేస్తాడు, అంది, ఆ మాట పేటలో నిలిచిపోయింది, నీలవేణి అంటే ఫోను కోసం బతికే ఆడది, పాపం, అంటారు, ఆ పాపం అన్న మాటలో గౌరవం కూడా ఉంది, దాన్ని ఆమె ఆరేళ్ళు కప్పుకుని తిరిగింది.

ఉర్లాం వచ్చింది, వెళ్ళింది, స్టారు, హాషు, సున్నా, ఆరు, వేలు ఒక్క క్షణం ఆగి, హాషు, తెర మీద అంకెలు పొంగుకొచ్చాయి, తులసి తల వంచి, ఉన్నాదమ్మా, ఈఐడీ ఉన్నాది, ముప్పై రెండంకెలు, ఈ ఫోను కొన్న కాణ్ణించీ ఇందులోనే ఉన్నాది, మనం అడగనేదు అంతే, అంటూ ఆమె భుజం కుదిపింది, సంతోషం రావాలి, రావలసిన చోట ఏదో జారిపోయింది, ఇదేమిటి, ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు ఈ దిగులేమిటి, అని తన్ను తానే అడిగింది, అడిగితే తెలిసింది, కాదనాలనే ఆమె కోరుకుంది, ఫోను కాదంటే వెళ్ళకుండా ఉండవచ్చు, ఇంటి దగ్గర ఎదురుచూస్తూనే ఉండవచ్చు, కాని ఎదురుచూపు అంత ప్రియమైనదా, ఎవరికైనా, వచ్చే మనిషి మీద ప్రేమతో ఎదురుచూసేవాళ్ళకు రోజులు బరువు కదా, నాకెందుకు ఈ ఎదురుచూపు నీడలా చల్లగా ఉంది, ఏ ఎండ తగలకుండా దీని కింద కూర్చున్నాను.

ఆ ఎండ ఇప్పుడు తగిలింది, బోటు తిరగబడిన ఆ రోజు సంత, మధ్యాహ్నం, పొద్దున్నే ఇంట్లో తగువు, సముద్రం మానీసి రొయ్యల చెరువు కాపలాకి ఎళ్ళిపో అని ఆమె, సెరువు నీరు నాకు కుడితిలాగుంటాదే అని అతను, నవ్వి, నవ్వినందుకే ఎక్కువ కోపం, బేరం మధ్యలో బొడ్లో ఫోను మోగింది, తీసి చూసింది, ఎర్రన్న, కుడితి తాగనీ అనుకుని తిరిగి బొడ్లో దోపుకుంది, మళ్ళీ మోగింది, చివరిదాకా మోగనిచ్చింది, మూడోసారి మోగలేదు, ఒడ్డు కనబడే దూరంలో ఉంటేనే సముద్రం మీద ఫోను పలుకుతుంది, అంటే అప్పటికి అతను ఒడ్డును చూస్తూ ఉన్నాడు, ఏం చెప్పబోయాడో, సాయం పంపమనో, కూర ఏం వండమనో, ఆ పాత ఫోను చెడిపోయింది, దానితో ఆ రెండు పిలుపుల గుర్తూ పోయింది, ఎవరికీ తెలియదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

పిలుపు వస్తుందని కాదు, వచ్చిన పిలుపును ఇప్పుడైనా ఎత్తాలని, ఆరేళ్ళుగా ఆ రెండింటినీ ఎత్తడానికే ఈ సిమ్ముకు కాపలా కాసింది, వాటిని ఇక ఏ ఫోనులోనూ ఎత్తడం కుదరదు, ఇక్కడ కూర్చున్నా, ఏ దేశం వెళ్ళినా, మేడానికి ఏటి సెప్పమంటావమ్మా, స్టేషనొచ్చీసింది, అంటోంది తులసి, వస్తానని సెప్పు, అంది నీలవేణి, బండి వేగం తగ్గింది, నారాయణమ్మ గంప ఎత్తుకుంటోంది, జనం తలుపు వైపు కదిలారు, తులసీ, కూకో, ఆ రోజు మీ నాన్న నాకు ఫోను సేసినాడే, రెండుసార్లు, నానెత్తనేదు, అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, పిల్ల కళ్ళు ఆమె మొహం మీద నిలిచిపోయాయి, తిట్టనీ, ఏడవనీ, దూరం జరగనీ, ఆయనకు చెప్పవలసిన జవాబు వినడానికి మిగిలిన మనిషి ఈ ఆరేళ్ళూ తన పక్కనే కూర్చుని ఉంది.