నూరుల్లా సారు వేసుకున్న డ్యూటీ

సిద్దమ్మ టీచరు తెల్లవారుజామున నాలుగింటికి బూట్లు తొడుక్కుని జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు రోడ్డెక్కేది. పది కిలోమీటర్లు పోయి, పది కిలోమీటర్లు వచ్చేది. ఆరున్నరకల్లా నీళ్ళు పోసుకుని, సంగటి ముద్ద గిన్నెలో పెట్టుకుని, ఎనిమిది గంటల బస్సుకు స్కూలున్న పల్లెకు బయలుదేరేది. అయిదు తరగతులు, నూట పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరే పంతుళ్ళు. ఒకరు సిద్దమ్మ, ఇంకొకరు హెడ్‌మాస్టరు నూరుల్లా సారు. పాఠాలు చాలవన్నట్టు ఓటర్ల జాబితాలు, పోలియో చుక్కలు, జనాభా లెక్కలు అన్నీ వాళ్ళిద్దరి నెత్తినే. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆమె కాళ్ళు కొయ్యల్లా ఉండేవి. అయినా మరుసటి రోజు నాలుగింటికి లేచేది.

ఆమెది పులివెందుల దగ్గర గొర్రెల కాపరుల ఇల్లు. చిన్నప్పుడు తప్పిపోయిన గొర్రెల కోసం గుట్టల వెంబడి పరిగెత్తడమే ఆమెకు వచ్చిన ఆట. ట్రైనింగు కాలేజీలో ఎవరో దానికి దూరపు పరుగు అని పేరు పెట్టారు. ఉద్యోగం వచ్చాక అందరూ మానుకోమన్నారు. మానుకోవద్దన్న మనిషి నూరుల్లా సారు ఒక్కడే.

"నువ్వు పరిగెత్తుకోమ్మా. బస్సు తప్పి ఒక గంట ఆలస్యమైతే ఏమాయ, నీ తరగతులు గూడా నేను చూసుకుంటా" అనేవాడు.

ఆ రోజుల్లో, ఆమె పరిగెత్తే రోడ్డు పక్కనే ఉన్న ఆ బడి పల్లె రెండు పార్టీలుగా చీలి ఉండేది. ఒక పార్టీ వాళ్ళు నడిచే సందులో ఇంకో పార్టీ వాళ్ళు కాలు పెట్టేవారు కాదు. బడిలో పిల్లలు కూడా ఎవరి వరసలో వాళ్ళు కూర్చునేవారు. అటువంటి చోట చీకట్లో రోడ్డు మీద ఒక మనిషి పరిగెత్తుతోందంటే జనానికి అనుమానమే. ఈ టీచరు ఒకరి కబుర్లు ఇంకొకరికి మోస్తోందని పుకారు పుట్టింది. నూరుల్లా సారు చేతిలో గొడుగు పట్టుకుని రెండు పార్టీల పెద్దల ఇళ్ళకూ తానే వెళ్ళాడు.

"మా టీచరమ్మ మీ జోలికి రాదప్పా. ఆ యమ్మకు పరిగెత్తడం అంటే మనకు నమాజు, పూజ మాదిరి. దారి ఇడవండి" అని రెండు చోట్లా ఒకే మాట చెప్పి వచ్చాడు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే ఇద్దరూ. కాదనలేకపోయారు.

తొంభై ఎనిమిదిలో హైదరాబాదులో రాష్ట్రస్థాయి మారథాన్ పెట్టారు. మొదటి ముగ్గురిని బెంగుళూరులో ఆరు నెలల శిక్షణకు తీసుకుంటారని కాయితం వచ్చింది. సిద్దమ్మ ఏడాదిగా ఎదురుచూస్తున్నది దీనికోసమే. పరుగు ఆదివారం. సోమవారం పోలింగు. కొండాపురం వైపు ఒక పల్లెలో ఆమెకు ఎన్నికల డ్యూటీ పడింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి పెట్టెలు, కాయితాలు తీసుకోవాలి. ఆఫీసులో నాలుగు రోజులు తిరిగింది. బదులు మనిషిని చూపిస్తే తప్ప పేరు కొట్టెయ్యం అన్నారు. ప్రతి ఎన్నికకూ కొట్లాటలు జరిగే ఆ పల్లె పేరు వింటే ఎవరూ ముందుకు రాలేదు.

"పోనీలే సార్, వచ్చే ఏడు పోతా" అంది సిద్దమ్మ, నోటు పుస్తకాలు దిద్దుతూ తల ఎత్తకుండా.

నూరుల్లా సారుకు రక్తపోటు ఉందని, రిటైరు కావడానికి ఏడాదే ఉందని, డాక్టరు కాయితం పెడితే ఆయన పేరు అప్పటికే తీసేశారు. మరుసటి రోజు ఆయన ఆఫీసుకు వెళ్ళి, ఆ కాయితం వెనక్కి తీసుకుని, సిద్దమ్మ పేరున్న చోట తన పేరు రాయించుకుని వచ్చాడు.

"వద్దు సార్. మీ ఇంట్లో అమ్మకు తెలిస్తే నన్ను తిడతాది" అంది సిద్దమ్మ. సారు భార్యను ఆమె అమ్మా అనే పిలిచేది.

"గులాబ్‌బీ తిట్టేది నన్ను గానీ నిన్ను గాదులే. ముప్పై ఏండ్లుగా చేస్తాండా ఈ డ్యూటీలు. వేళ్ళకు సిరా పూసేదానికి అంత భయమేంది? నువ్వు పోయిరా."

వద్దని ఇంకొక్కసారి అని ఉంటే ఆయన వినేవాడేమో. సిద్దమ్మ అనలేదు. శనివారం సాయంత్రం ప్రొద్దుటూరులో బస్సెక్కింది.

ఆ పరుగులో ఆమె మూడోదిగా వచ్చింది. సోమవారం ఉదయం జమ్మలమడుగు చేరి, గది తలుపు వేసుకుని పడుకుంది. పదకొండున్నరకు పక్కింటి దిల్షాద్‌బీ వచ్చి తలుపు తట్టింది.

"సిద్దమ్మా, మీ సారు పోయిన ఊర్లో బాంబులు ఏసుకున్న్యారంట. సారుకు తగిలిందంట. ఈడి ఆసుపత్రికి తెచ్చి, ఈడ కాదని ప్రొద్దుటూరుకు జీపులో తీసకపోయినారు. గులాబ్‌బీ గూడా ఆ జీపులోనే పోయింది."

"ఎట్లుండాడంట?"

"మాట్లాడతాండాడు అన్న్యారు."

సిద్దమ్మ బస్టాండుకు వెళ్ళింది. బస్సులు ఆపేశారు. ఆటో నడిపేవాళ్ళంతా రామన్నారు. గదికి వచ్చి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, నిన్నటి బూట్లే వేసుకుని బయలుదేరింది.

నిన్న అంత దూరం పరిగెత్తిన కాళ్ళు. మొదటి మైలులోనే తొడలు పట్టేశాయి. ఎండ నడినెత్తిన ఉంది. దారిలో ఉన్న పల్లెల్లో పరిగెత్తుకొస్తున్న ఆమెను చూసి తలుపులు మూసుకున్నారు. సగం దారిలో పోలీసు జీపు అడ్డమొచ్చింది.

"ఎవురు నువ్వు? ఎవురి నుంచి పారిపోతాండావు?" అన్నాడు కానిస్టేబులు.

"టీచరును సార్. మా హెడ్‌మాస్టరు ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఉండాడు."

వాళ్ళు జమ్మలమడుగు వైపు వస్తున్నారు, అందుకే ఎక్కించుకోలేదు. ఒక సీసా నీళ్ళిచ్చి పొమ్మన్నారు. అక్కడి నుంచి ఆమె ఎక్కడా ఆగలేదు. కుడి బూటులో గోరు లేచి రక్తం కారుతోంది. మాట్లాడుతున్నాడన్నారు కదా, మాట్లాడుతున్నాడన్నారు కదా అని అడుగుకొకసారి అనుకుంటూ పరిగెత్తింది.

ఆసుపత్రి వరండాలో గులాబ్‌బీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పి ఉంది. సారు పోయి అరగంట అయిందట.

సిద్దమ్మ ఆమె ముందు కూలబడింది. గులాబ్‌బీ ఆమె బూట్ల వైపు, తడిసిన చీర వైపు చూసింది.

"గెలిచినావా?" అంది.

"మూడోది వచ్చినా అమ్మా."

"అదే అడిగినాడు. జీపులో అడిగినాడు, ఈడికొచ్చినాక అడిగినాడు. ఎవురికి తెలుసు చెప్పేదానికి." అని ఆమె తన కొంగుతో ముఖం కప్పుకుంది.

ఒక పార్టీ ఏజెంటు మీద విసిరిన బాంబు గురి తప్పి ఓటర్ల వరస పక్కన పడిందట. సారు ముసలామె ఒకతెను లోపలికి చెయ్యి పట్టి తీసుకొస్తున్నాడట. ఆమె బతికింది. కువైటులో ఉన్న సారు కొడుకు మట్టి వేసే వేళకు అందుకోలేకపోయాడు. ఖబరస్తానుకు బడి పల్లెలోని రెండు పార్టీల మనుషులూ వచ్చి, చెరొక పక్కన నిలబడి వెళ్ళిపోయారు.

మే నెలలో బెంగుళూరు నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ పదిహేనుకల్లా చేరమని. అప్పటికి స్కూల్లో సిద్దమ్మ ఒక్కతే మిగిలింది. సారు స్థానంలో ఇద్దరికి ఆర్డర్లు ఇస్తే ఇద్దరూ బడి ఉన్న పల్లె పేరు చూసి రద్దు చేయించుకున్నారు. సెలవు అడిగితే ఆఫీసులో ఒకటే మాట.

"పోవాలంటే పో. బడికి తాళమేసి, తాళం చెవి మాకిచ్చి పో."

సిద్దమ్మ వారం రోజులు నిద్రపోలేదు. చివరికి రాలేనని జవాబు రాసి, పోస్టు చేసి, గులాబ్‌బీ ఇంటికి వెళ్ళింది. బెంగుళూరు ఉత్తరం సంగతి ఆమెకు అప్పటికే ఎవరో చెప్పారు.

"ఎప్పుడు పోతాండావు?"

"పోనమ్మా. పోయ్యేది లేదు. బడి మూతపడతాది. సారు ముప్పై ఏండ్లు నడిపిన బడి."

గులాబ్‌బీ చేటలో బియ్యం చెరగడం ఆపింది.

"బడి కోసం సచ్చిపోల్యా ఆయప్ప" అంది. "నువ్వు పరిగెత్తాలని పోయినాడు. నువ్వు పోకపోతే ఇంక ఆయప్ప దేనికి పోయినట్టు?"

సిద్దమ్మ వస్తానమ్మా అని బయటికి వచ్చింది. గులాబ్‌బీ చేట మళ్ళీ చేతికి తీసుకుంది.

ఆ బడికి రెండో పంతులు మూడేళ్ళకు వచ్చాడు. ఆ ఏడాది జిల్లా పరుగు పోటీల దరఖాస్తు ఎవరో తెచ్చి ఇస్తే, సిద్దమ్మ దాన్ని రెండుసార్లు చదివి, నాలుగో తరగతి లెక్కల పుస్తకం కింద పెట్టి, పిల్లలను ఎక్కాలు అప్పజెప్పమంది.