సాయం: అక్కర్లేదు

గోరువెచ్చని నీళ్ళ బేసిన్లో అత్తగారి కుడికాలు నానుతుంటే, ఎడమకాలు ఒళ్ళో పెట్టుకుని కోడలు గోళ్ళు తీస్తోంది. బొటనవేలి గోరు గట్టిపడి పక్కకు తిరిగిపోయింది. కొంచెం కొంచెంగా తీసుకుంటూ పోవాలి, చెయ్యి జారితే రక్తమే. పాదం తిప్పి పట్టుకోబోయి ఆమె ఆగిపోయింది. మడమ పసిపిల్ల మడమలా మెత్తగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన కాలు అది. రిటైరయ్యాక కూడా తెల్లారేసరికి పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి, బెంచీ మీద ఇద్దరు స్నేహితురాళ్ళతో ఊళ్ళో సంగతులన్నీ తేల్చుకుని గానీ ఆవిడ ఇంటికొచ్చేది కాదు. బీటలు వారిన మడమలు చూసుకుని, "ఇవి కాళ్ళు కావే, బస్సు టైర్లు" అని తనే నవ్వేది.

ఆ మెత్తదనం తగలగానే కోడలికి నిన్న చూసిన కాగితం గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

ఆమె పనిచేసేది ముసలితనం మీద పరిశోధన చేసే కేంద్రంలో. వెయ్యిమంది పెద్దవాళ్ళను ఏటా కలిసి, నాలుగు మీటర్లు నడవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో, పిడికిలి ఎంత బిగించగలరో, చెప్పిన మూడు మాటలు కాసేపయ్యాక గుర్తున్నాయో లేదో రాసుకోవడం ఆమె ఉద్యోగం. అత్తగారూ ఆ వెయ్యిమందిలో ఒకరు, నంబరు 417. సొంతింటి మనిషిని తాము అడగకూడదన్నది అక్కడి నియమం గనుక ఆవిడ దగ్గరికి తోటి ఉద్యోగిని వచ్చేది. కరోనాతో ఇళ్ళకు వెళ్ళడం ఆగిపోయి, అందరినీ ఫోన్లోనే అడిగారు. ఆ ఫారాలు ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే నిన్న 417 చేతికొచ్చింది.

రోజూ బయట నడుస్తారా? అవును. స్నేహితులను కలుస్తారా? అవును. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి సాయం కావాలా? అక్కర్లేదు. జవాబు చెప్పినవారు: కొడుకు.

పొద్దున భర్తను అడిగితే అతను పేపర్లోంచి తలెత్తలేదు.

"ఫోన్ నాకొచ్చింది, నేను చెప్పాను. అమ్మ పడుకునుంది. అదేమైనా నేరమా?"

"సాయం అక్కర్లేదని ఎలా చెప్పారు?"

"అక్కర్లేదుగా. నువ్వున్నావుగా."

"మరి నేను చేసేదేంటి?"

"అబ్బా! సాయమంటే మనిషిని పెట్టుకోవడం. ఇంట్లోవాళ్ళు చేసేదాన్ని కూడా సాయమంటారా ఎవరైనా?"

లాక్‌డౌన్ మొదలైన మూడోరోజే అతను తల్లి చెప్పులు అటక మీద పెట్టేశాడు. "నీ మంచికేనమ్మా" అన్నాడు. అతని మంచికి మాత్రం ఏ తాళమూ లేదు, రోజూ సాయంత్రం వీధి చివర స్నేహితులతో కబుర్లకు వెళ్ళొచ్చేవాడు. నాలుగు నెలలకే ఆవిడ మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఆరో నెలలో బాత్రూంలో జారింది. అప్పట్నించీ నడుం కింద చెయ్యి వేసి లేపిందీ, తల రుద్దిందీ, తడిసిన పక్కబట్టలు ఎవరికీ కనపడకుండా ఉతికిందీ తనే. లోకమంతా తలుపులు తెరుచుకున్నాక కూడా, "ఇప్పుడు బయటికెళ్ళి ఏం ఉద్ధరించాలి?" అన్నాడు. బస్సంతా వినపడేలా అరిచిన ఆవిడ గొంతు ఎప్పుడు తగ్గిపోయిందో ఎవరూ గమనించలేదు.

కానీ కోపం అతని మీద మాత్రమే అయితే ఎంత బాగుండేది! అవే రోజుల్లో తను వంటింట్లో కూర్చుని, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఎవరెవరి తల్లుల గురించో అడిగింది. "అమ్మ పడుకుంది, నేను చెప్తా రాసుకోండి" అని కొడుకులు అంటే, పొయ్యి మీద కూర మాడుతోందన్న తొందరలో, "సరే, మీరే చెప్పండి" అంది. అలా అరవై మూడు ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ అమ్మ బాగానే ఉంది. ప్రతి ఇంట్లోనూ సాయం అక్కర్లేదు. అప్పటిదాకా ఎక్కించిన జవాబులన్నీ కలిపి వాళ్ళ డైరెక్టరు మొన్న తెర మీద చూపించి, "మహమ్మారిని పెద్దవాళ్ళు ఎంత ధైర్యంగా తట్టుకున్నారో చూడండి" అంటే అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు తలుచుకుంటే అరచేతులు నరుక్కోవాలనిపిస్తోంది. రేపట్నించి ఆ అరవై మూడు గడపలూ ఎక్కాలి. కొడుకుల్ని పక్కకు జరగమనాలి.

కాళ్ళు తుడిచి, చేతులు కడుక్కుని, తోటి ఉద్యోగినికి ఫోన్ చేసింది. "ఆదివారమని తిట్టుకోకు. 417 తప్పుల తడక. మళ్ళీ అడుగు, ఈసారి ఆవిడనే అడుగు" అని స్పీకర్ పెట్టి అత్తగారి చేతికిచ్చింది.

"పెద్దమ్మగారూ, రోజూ నడుస్తున్నారా?"

ముందు గదిలోంచి కొడుకు లేచొచ్చాడు. "ఇలా ఇవ్వమ్మా, నేను చెప్తా."

అత్తగారు ఫోన్ గుండెకు అదుముకుంది. "నా టికెట్టు నువ్వు కొట్టకురా."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎన్నాళ్ళైంది ఆ గొంతు విని!

"నడకా? మంచం నుంచి బాత్రూం దాకా, రాసుకో. సాయమా? కోడలు. నన్ను ఎత్తీ దించీ దాని నడుం పోయింది, అది కూడా రాయి. గడి లేకపోతే పక్కన రాయి."

"మీ స్నేహితురాళ్ళను కలుస్తున్నారా?"

ఆవిడ చూపు కిటికీ వైపు మళ్ళింది.

"ఒకావిడ పోయింది. నాకెవరూ చెప్పలేదు. పాలవాడు పక్కింట్లో చెప్తుంటే కిటికీలోంచి విన్నాను. రెండో ఆవిడ ఉందో లేదో తెలీదు."

"నువ్వు బెంగపెట్టుకుంటావనే కదమ్మా..." అన్నాడు కొడుకు.

కోడలు అతని మొహంలోకి చూసింది. అంటే అతనికి తెలుసు.

అత్తగారు ఫోన్ మంచం మీద పెట్టింది. గోడ పట్టుకుని లేచింది. కోడలు చెయ్యి అందించబోతే వద్దన్నట్టు మణికట్టు నొక్కి వదిలేసింది. ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ముందు గది దాటింది.

"ఎక్కడికమ్మా? ఏమే, నువ్వైనా ఆపవే! పడితే ఎవరు చెయ్యాలి?"

"మీరు" అంది కోడలు. "ఇంట్లోవాళ్ళు చేస్తే సాయం కాదుగా."

అతను ఏదో అనబోయేలోపే గడియ తీసిన చప్పుడైంది. ఆవిడ వెనక్కి చూడలేదు, ఉత్త కాళ్ళతో వీధిలోకి దిగి పార్కు దారి పట్టింది.