మెయిళ్లకు గేట్‌పాస్

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ నాది. అంటే, అందులో క్వాలిటీ సెక్షన్ చాకిరీ నాది. సోమవారం ఓపిక నశించి, చదవని మెయిళ్లు పదకొండు వేలూ ఒక్క దెబ్బకు డిలీట్ చేసేశాను.

సాయంత్రం గేటు దగ్గర సెక్యూరిటీ నర్సింహులు ఆపాడు. మా కంపెనీలో ఖాళీ డబ్బా బయటికి పోవాలన్నా గేట్‌పాస్ కావాలి.

“పదకొండు వేలు బయటికి పంపిన్రట గదా బ్యూలా మేడం. ఐటీవాళ్లు చెప్పిన్రు. పాస్ ఏది?”

“అవి మెయిల్స్ అన్నా. కంటికి గూడ కనబడవు.”

“గ్యాస్ గూడ కనబడదు. దానికి పాస్ రాస్తలేమా?”

ఫారంలో రెండే గడులు: సరుకు తిరిగొస్తుంది, తిరిగిరాదు. తిరిగిరాదంటే ప్లాంట్ హెడ్ సంతకం కావాలి. ఆయన వెళ్లిపోయాడు. కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. ఒళ్లు మండి, ‘తిరిగొస్తుంది’ దగ్గర టిక్కు పెట్టి బస్సెక్కాను.

పొద్దున కంప్యూటర్ తెరిస్తే పదకొండు వేలూ ఉన్నాయి. వాటిపైన నర్సింహులు మెయిల్: “మేడం సరుకు టైముకు వాపస్ వచ్చింది.”

కంపెనీ మొత్తానికి కాపీ పెట్టాడు. టీ టైముకల్లా నాలుగొందల మంది ‘నోటెడ్’ అని నాకు జవాబిచ్చారు.