పాలు పెట్టే వేళ

కామాక్షి ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కుతూ ఉంది. ఎక్కేకొద్దీ ఆసుపత్రి మెట్ల మీది నున్నటి రాయి పోయి చెక్కబల్లలు అవుతున్నాయి, గోడల తెల్లసున్నం కాఫీ పొగ పట్టి గోధుమరంగుకు తిరుగుతోంది, ఇది పై అంతస్తా, తమ కొట్టు వెనక గదా అని అడుగుదామంటే దారిలో ఒక్క మనిషి లేడు. ఆమెకు భయం లేదు, తొందర ఒక్కటే. ఫ్లాస్కులో కాఫీ చల్లారేలోపు పెంచలయ్యను పట్టుకోవాలి. పెంచలయ్య ఆమె మొగుడు, కరోనాలో పోయాడు. ఆ సంగతి ఆమెకు కలలోనూ తెలుసు. తెలిసినా, పోయిన మనిషికి కాఫీ మోసుకెళ్ళడంలో వింతేమీ తోచడం లేదు. ఆ రోజుల్లో తాను కింది అంతస్తులో ఆడవాళ్ళ వార్డులో పడి ఉన్నప్పుడు, పైనుంచి ఆయన కబురు చేశాడు, "మా ఇంటిదాన్ని ఒక్క గ్లాసు కాఫీ పంపమనండి" అని. ఆమె పంపలేకపోయింది. ఇప్పుడు తీసుకెళుతోంది, అంతే.

తలుపు తోస్తే పొడవాటి వార్డు. మంచాల వరసల మధ్య కాఫీ గింజల గోనెసంచులు దొంతులుగా పేర్చి ఉన్నాయి. ప్రతి మంచం మీదా ఒక మగమనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. అందరివీ వీపులే, ఒక్కడి మొహమూ కనపడదు. మంచం మంచానికీ గోడకు తగిలించిన ఆక్సిజన్ సీసాలో నీళ్ళు బుడబుడమంటున్నాయి. నీలంరంగు ప్లాస్టిక్ డ్రస్సులో కళ్ళు మాత్రమే కనిపించే నర్సు అడ్డం వస్తుంది.

"ఎవరు కావాలమ్మా?"

"మా ఆయన. కాఫీ కొట్టు పెంచలయ్య."

"మొహాలు చూపించడానికి లేదు. వాసన చూసి గుర్తుపట్టి తీసుకుపో."

కామాక్షి కాళ్ళు అక్కడికక్కడే ఆగిపోతాయి. ఇంకొకప్పుడైతే ఇది ఆమెకు చిటికెలో పని. ఒకసారి నెల్లూరు రొట్టెల పండగ జనంలో కరెంటు పోతే, అంత తొక్కిసలాటలోనూ వాసన పట్టుకుని వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్న మనిషి. వేగిన కాఫీ, చెమట, కాస్త చికోరి. ఆ వాసన ఇంకెవరి దగ్గరా ఉండదు. ఇప్పుడు ఒక్కో మంచం మీదికీ వంగి చూస్తోంది. ఏ మంచం దగ్గరా ఏ వాసనా లేదు, కడిగి బోర్లించిన గిన్నెల్లా ఉన్నారందరూ. ఫ్లాస్కు చల్లబడుతోంది. వార్డు పొడుగు పెరుగుతోంది. తప్పు మనిషిని లేపితే మళ్ళీ రానివ్వరని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు.

"ఏందే, ఇంకా పాలు పెట్టలా?"

వెనక నుంచి. ఆ గొంతే. తిరిగి చూస్తే సంచుల చాటున ఒక మంచం, మంచం మీద ఒక వీపు, కిందికి వేలాడుతున్న చెయ్యి, మోచేతి మీద గింజలు వేయించే డ్రమ్ము తగిలి కాలిన పాత మచ్చ.

"యాడుండావయ్యా ఇంతసేపు!" అని ఆమె నేలమీద కూలబడుతుంది. "ఇటు తిరుగు. నీ మొహం చూడాల."

"తిరిగితే ఊపిరాడదంట. డాక్టరు తిడతాడు."

"చచ్చిపోయినోడికి ఊపిరేందయ్యా?"

"అదీ నిజమేలే" అని వీపు కదిలేలా నవ్వుతాడు పెంచలయ్య. తిరగడు మాత్రం.

చివరిచూపు దక్కలేదు ఆమెకు. తనకు తగ్గి ఇంటికి పంపే రోజున మరిది చెంచురామయ్య ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి చెప్పాడు, అప్పటికే అంతా అయిపోయిందని, జిప్పు వేసిన సంచిలో ఇచ్చారని, జిప్పు తియ్యనివ్వలేదని. అందుకే ఈ వీపు ఎప్పుడు తిరుగుతుందా అని కళ్ళార్పకుండా చూస్తూ ఫ్లాస్కు మూత తీస్తుంది. గ్లాసులోకి వంచితే కాఫీ రాదు, జలజలమని పచ్చిగింజలు పడతాయి.

"వేయించకుండానే తెచ్చినావా?"

"వేయించేదెవురు? డ్రమ్ము అమ్మేస్తుండా."

"తెలుసు. గూడూరు మస్తానయ్యకు. ఈ పొద్దే వస్తాడు."

"నీకెవురు చెప్పినారు?"

"చచ్చినోళ్ళకు పనేముందే, ఊరి సంగతులన్నీ వింటా పడుంటాం." తర్వాత మెల్లగా, "నా చొక్కా కంపు కొట్టిందంట గదా?"

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. జబ్బుతో పోయిన వాసన చాలా నెలలకు తిరిగొచ్చింది, కానీ వంకర తిరిగొచ్చింది. మల్లెపూలు మందువాసన, ఉల్లిపాయ కుళ్ళు, అన్నిటికంటే ఘోరం కాఫీ. ఎక్కడ కాఫీ వాసన తగిలినా కాలిన టైరూ మురిక్కాలవా కలిసినట్టు కడుపులో తిప్పేస్తుంది. ఈ జబ్బుతో కొందరికి ఇలా అవుతుందనీ, మెల్లగా బాగవ్వచ్చు, కాకపోనూ వచ్చనీ డాక్టరు అన్నాడు. ముక్కు తిరిగొచ్చిన సంబరంలో ఆమె మొదట చేసిన పని బీరువా తెరిచి, ఉతక్కుండా దాచుకున్న ఆయన చొక్కాను మొహానికి అదుముకోవడం. మరుక్షణం పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. సొంత మొగుడి వాసనకు వాంతి చేసుకున్న ఆడది లోకంలో ఉంటుందా అని ఆ రాత్రంతా ఏడ్చింది. అందుకే డ్రమ్ము అమ్మేయమంది. మరిదికి మాత్రం, నడిపే దిక్కు లేక అమ్ముతున్నానంది.

"ఏడవబాకే" అంటాడు పెంచలయ్య. "నాకు చివర్లో కంపు కూడా లేదు. నీ ముక్కు వంకర, నాది మొత్తానికే మాయం. మనిద్దరం ఎంత తెలివైనోళ్ళమో గుర్తుందా?"

గుర్తులేకేం! ఎన్నడూ గింజ మాడ్చని పెంచలయ్య ఆ వారం వరసగా మాడ్చాడు. వాసన అందడం లేదని తోచక, సరుకు చెడ్డదని గింజలు పంపిన షావుకారుతో ఫోనులో యుద్ధానికి దిగాడు, గ్యాసుబండ మార్పించాడు. అదే వారం పులుసులో ఇంగువ వాసన రాకపోతే కామాక్షి డబ్బా పట్టుకుని అంగడికి పోయి, మట్టి అమ్ముతుండారా అని కేకలేసి వచ్చింది. ఊరంతా వాసన పోవడమే గుర్తని చెప్పుకుంటుంటే, వాసన మీద బతికే ఇంట్లో ఇద్దరూ ఇంకొకరి సరుకును తిట్టుకుంటూ కూర్చున్నారు. దగ్గు వచ్చాక గానీ తెలివి రాలేదు.

"ముందే ఆసుపత్రికి పోయుంటే బతికుండేవాడివి గదయ్యా."

"ఏమో. ముందే పోయినోళ్ళూ ఉండారు ఈ మంచాల మీద."

ఆమె ఆయన చేతి మచ్చ మీద వేలు పెడుతుంది. చెయ్యి వెచ్చగానే ఉంది. ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న బయటికొస్తుంది. "నొప్పి పుట్టిందా?"

"మొదట్లో ఏమీ తెలీలా. బాసింపట్టు వేసుకుని కూర్చుని కబుర్లు చెప్తుంటే, డాక్టరు నా వేలికి పెట్టిన క్లిప్పు చూసి నోరు తెరిచినాడు. ఆక్సిజన్ ఇంత తక్కువుంటే మాట రాకూడదయ్యా, ఎట్టా మాట్లాడుతుండావు అని. మా కొట్లో ఎప్పుడూ పొగే సార్, అలవాటు అన్నా." మళ్ళీ వీపు నవ్వుతుంది, ఆగుతుంది. "తర్వాత ఆయాసం. బోర్లా వేసినారు. ఆ తర్వాత గొట్టం. కళ్ళు మూసుకుంటే ఈ సీసాలో నీళ్ళు బుడబుడా, బుడబుడా. గోడకు అవతల నువ్వు వంటింట్లో ఎసరు పెట్టినావు అనుకునేవాణ్ణి. అందుకే భయం వెయ్యలా."

కామాక్షికి ఏడుపు రాదు. గ్లాసులోని పచ్చిగింజలను చూస్తూ అంటుంది, "ముక్కు లేనిదాన్ని, ఆ డ్రమ్ము నేనెట్టా తిప్పేదయ్యా? ఎప్పుడు దించాలో వాసన చెప్పాల గదా."

"వాసన చెప్పేది నాకు. నీకెప్పుడు చెప్పిందే? ఇన్నేళ్ళల్లో పాలు పెట్టమని ఒక్కనాడన్నా నేను కేకేసినానా? నేను గింజలు దించి, చేతులు తుడుచుకుని వచ్చేసరికి పాలు పొంగతా ఉండేవి. గోడకు అవతల ఉండి నీకెట్టా తెలిసేది?"

ఎట్లా తెలిసేదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. తెలిసేది, అంతే.

"విను" అంటాడు.

సీసాల్లో బుడబుడలు గట్టిపడుతున్నాయి. బుడబుడ కాస్తా టపటప అవుతుంది, రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు, మూకుట్లో మొక్కజొన్నలు పేలినట్టు, వార్డంతా పేలుతోంది, గోనెసంచులు కదులుతున్నాయి, నర్సు ఎక్కడికో పోయింది. తర్వాత ఒక్కొక్కటే తగ్గి, ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఆమె కుడిచెయ్యి తనంతట తాను అగ్గిపెట్టె కోసం గాల్లో వెతుకుతోంది.

"చూసినావా!" పెంచలయ్య గొంతులో పండగ. "అదే, గింజల మొదటి చిటపట. ఇప్పుడు పాలు. ఇంకాసేపటికి రెండో చిటపట వస్తుంది, సన్నంగా, తిరగమోతలో ఆవాల మాదిరి. అది మొదలవగానే దించాల. లేచి పో."

అప్పుడు మంచం కిర్రుమంటుంది. ఆయన భుజం లేస్తోంది. బోర్లా ఉన్న మనిషి ఇటు తిరుగుతున్నాడు, చెవి కనపడుతోంది, చెంప మీద నెరిసిన గడ్డం కనపడుతోంది. ఇంకొక్క క్షణం కూర్చుంటే జిప్పు వెనక మూసేసిన ఆ మొహం మొత్తం ఆమెది.

"నన్ను చూస్తా కూర్చుంటే గింజలు మాడిపోతాయే!"

"మాడనీ."

"కామాక్షీ. పాలు."

ఆమెను పేరు పెట్టి పిలవడం ఆయనకు అలవాటు లేదు. ఎప్పుడో పెళ్ళిలో, అందరూ బలవంతం చేస్తే, ఒక్కసారి. ఆమె లేస్తుంది. కళ్ళు ఇంకా ఆయన చెంప మీదే ఉన్నాయి, కాళ్ళు వంటింటివైపు నడుస్తున్నాయి, వార్డు చివర తలుపు ఇంటి గడప అవుతోంది, గడప దాటుతుంటే కాలికి చల్లగా గచ్చు తగులుతుంది.

గచ్చు నిజమైనదే. మధ్యాహ్నపు ఎండ వంటింటి కిటికీలో పడుతోంది. అన్నం తిని చాప మీద వాలిన మనిషి, ఎప్పుడు లేచిందో, స్టవ్వు ముందు నిలబడి ఉంది. పాలగిన్నె కింద మంట వెలుగుతోంది. ఇల్లంతా కాలిన టైరు కంపు.

గోడకు అవతల కొట్లో డ్రమ్ము తిరుగుతోంది. చెంచురామయ్య గొంతు, "మా అన్న పోయినాక ఇదే మొదటిసారి వెలిగించడం. బాగానే తిరగతాంది గదా మస్తానయ్యా?" కొనేముందు ఒక వాయి వేయించి చూపమన్నట్టున్నాడు గూడూరాయన.

గోడలోంచి సన్నగా, ఆవాలు చిటపటలాడినట్టు మొదలైంది.

"దించండి!" కామాక్షి కేక వేసింది.

"ఇంకా నల్లబడాల గదమ్మా!" అని మస్తానయ్య.

"నల్లబడితే మాడినట్టు! దించు చెంచయ్యా!"

జల్లెడ పళ్ళెంలోకి గింజలు ధారగా పడ్డాయి. ఎవరో ఒక గింజ కొరికిన చప్పుడు. మస్తానయ్య గొంతు తగ్గింది, "పెంచలయ్య దించినట్టే ఉందే. చూడకుండా ఎట్టా చెప్పిందయ్యా మీ వదిన?"

"మస్తానయ్యా" అంది కామాక్షి గోడవైపు తిరిగి, "డ్రమ్ము ఇయ్యను. ఏమీ అనుకోబాక. కాఫీ తాగి పో."

కొత్తగింజల పొగ గడప దాటి వచ్చి ఆమెను చుట్టుకుంది. అదే టైరు కంపు. ఆమె ముక్కు మూసుకోలేదు. నిలబడి, నిండుగా ఒక్కసారి పీల్చుకుంది. ఎదురుగా పాలు పొంగుకొస్తున్నాయి, సరిగ్గా ఆయన చేతులు తుడుచుకుని వచ్చే వేళకు.